కొండ మీద కెమెరా, కింద ఊరి దీపాలు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది తాడిపత్రి వైపు ఒక పల్లె. నాకు 37 ఏళ్లు. 33/11 కె.వి. సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌గా చేస్తున్నాను. మూడేళ్ల కింద ఒక పాత డీఎస్‌ఎల్‌ఆర్ కొన్నాను. దాంతో వచ్చిన 18-55 లెన్సే ఇప్పటికీ వాడుతున్నాను. వీక్లీ ఆఫ్ వచ్చిన ప్రతి రాత్రీ మా ఊరి కొండెక్కి నక్షత్రాలు తీస్తాను. తెల్లారి కంప్యూటర్‌లో వేసి చూసుకుంటే లెక్కపెట్టలేనన్ని చుక్కలు. వాటి ముందు నేనెంత, నా ఉద్యోగమెంత అనిపిస్తుంది. మొదట్లో అలా అనుకుంటే హాయిగా ఉండేది, టెన్షన్లన్నీ పోయేవి. ఈమధ్య అది పగలు కూడా వదలడం లేదు. మొన్న మా పాప ప్రోగ్రెస్ కార్డు తెచ్చి చూపిస్తే 'ఇదంతా ఎందుకులే' అనిపించింది. నాకే భయం వేసింది. పైగా నా ఫోటోలు బూడిద పూసినట్టు ఉంటాయి. ఊరు కొండకు దక్షిణంగా ఉంది కాబట్టి లైట్లు అడ్డం వస్తాయి, ప్రతి ఫోటోలో కింద భాగం కత్తిరించి పెడతాను. నెట్‌లో వేరేవాళ్లవి చూస్తే పాలపుంత మండిపోతున్నట్టు ఉంటుంది. వాళ్లకు వేలల్లో లైకులు, నాకు నలభై. మా బావమరిది 'ఇంత చీకట్లో ఏముంది బావా' అని నవ్వాడు. కెమెరా అమ్మేద్దామా అనుకుంటున్నాను. ఏం చేయమంటావు?

సమాధానం:

తమ్ముడూ,

అన్నా అని పిలిచావు కాబట్టి 'మీరు' పక్కన పెట్టేస్తున్నాను. కెమెరా ఇప్పుడే అమ్మకు. అమ్మినా దానికి వచ్చేది ఎంతో మనిద్దరికీ తెలుసు.

ముందు ఒక లెక్క చూద్దాం. నీది షిఫ్ట్ డ్యూటీ. వారంలో కొన్ని రాత్రులు సబ్‌స్టేషన్‌లోనే తెల్లారుతుంది. మిగిలిన ఒక్క ఆఫ్ రాత్రి కొండ మీద గడుస్తుంది. మరి నిద్ర ఎప్పుడు? మూడేళ్లుగా ఇదే నడుస్తుంటే 'ఇదంతా ఎందుకులే' అన్న మాట నక్షత్రాల నుంచి కాక నిద్ర లేని ఒంట్లోంచి వచ్చిందేమో చూసుకోవాలి. నిద్ర చాలని మనిషికి పాప ప్రోగ్రెస్ కార్డే కాదు, పండగ కూడా బరువుగానే ఉంటుంది. అందుకని రెండు నెలలపాటు కొండకు నెలకు ఒక్కసారే వెళ్లు, అమావాస్యకు అటూఇటూ వచ్చే ఆఫ్ రోజున. మిగతా ఆఫ్ రాత్రులు ఇంట్లో పడుకో. వెన్నెల ఉన్న రాత్రి ఎలాగూ పాలపుంత పడదు, నష్టమేమీ లేదు.

నిద్ర సరిపడా పోయాక కూడా తిండి సయించకపోయినా, దేనిమీదా మనసు పోకపోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, నా ఉత్తరాలతో కాలం గడపకు. డాక్టర్‌ని కలువు. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టనక్కర్లేదు. భయం వేసిందని నువ్వే రాశావు. ఆ భయాన్ని చిన్నచూపు చూడకు.

ఇక ఉత్తరం సంగతి. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒకే బాధలా కనిపించింది. రెండోసారికి అందులో రెండున్నాయని తెలిసింది. ఆకాశం ముందు చిన్నవాడినన్నది ఒకటి. నలభై లైకుల ముందు, బావమరిది నవ్వు ముందు చిన్నవాడినన్నది ఇంకొకటి. రెండింటినీ ఒకే సంచిలో వేసుకుని మోస్తున్నావు. బరువు రెండోదానిది, నింద మొదటిదాని మీద పడుతోంది.

వృశ్చికంలో ఎర్రగా ఒక చుక్క ఉంటుంది చూడు, జ్యేష్ఠ. నీ ఫోటోల్లో కచ్చితంగా పడి ఉంటుంది. అది సుమారు 550 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. నీ సెన్సర్ మీద పడిన ఆ వెలుగు అక్కడి నుంచి బయల్దేరిన నాడు మీ సీమను ఏలుతున్నది విజయనగర రాజులు. అంత దూరం నుంచి వచ్చిన వెలుగుకు నువ్వు ఆపరేటర్‌వో, చీఫ్ ఇంజినీర్‌వో తేడా తెలీదు. దాని ముందు నువ్వూ చిన్నే, బావమరిదీ చిన్నే, వేల లైకులాయనా చిన్నే. అందుకే మొదట్లో నీకు హాయిగా ఉండింది. అక్కడ పోటీ లేదు. ఫోన్‌లో మాత్రం ప్రతి ఫోటో కింద ఒక అంకె ఉంటుంది, అది నీ అంకె పక్కన వచ్చి నిలబడుతుంది. పూర్వం వింధ్య పర్వతం పెరిగి పెరిగి సూర్యుడికే అడ్డం పడింది కదా, అదీ మేరువుతో పోల్చుకునే. చివరికి దాన్ని వంచింది కమండలం పట్టుకున్న ఒక పొట్టి ముని. ఆ అగస్త్యుడి చుక్క చలికాలంలో మీకు దక్షిణాన బాగా కనిపిస్తుంది, ఎప్పుడైనా తియ్యి.

ఈ పోలిక ఎంత అన్యాయమైనదో కాస్త సాంకేతికంగా చెప్పాలి. ఎందుకంటే నీ ఫోటోల్లో నిజంగా తప్పులున్నాయి, వాళ్ల ఫోటోల్లో నీకు తెలియని పనులున్నాయి.

నువ్వు ఎంత సేపు ఎక్స్‌పోజర్ ఇస్తున్నావో రాయలేదు. ముప్పై సెకన్లు ఇస్తున్నావని నా అనుమానం, కొత్తవాళ్లందరూ ఇచ్చేది అదే. భూమి తిరుగుతుంది కాబట్టి ఆ లోపు చుక్క గీత అవుతుంది. 500ని లెన్స్ పొడవుతో భాగించమని ఒక మోటు లెక్క ఉంది. నీది చిన్న సెన్సర్ కాబట్టి 18ని ఒకటిన్నరతో హెచ్చిస్తే 27. అయిదువందలని 27తో భాగిస్తే పద్దెనిమిది సెకన్లు. పదిహేను పెట్టుకో, ఇంకా మంచిది. అపర్చర్ 3.5, ఐఎస్ఓ 3200, ఫైల్ రా ఫార్మాట్‌లో. ఫోకస్ ఆటోలో ఉంచకు. లైవ్ వ్యూలో ఒక పెద్ద చుక్కను జూమ్ చేసి, అది సూదిమొన అంత అయ్యేదాకా చేత్తో తిప్పు, తిప్పాక రింగ్ మీద టేపు వెయ్యి. షట్టర్ వేలితో నొక్కకుండా రెండు సెకన్ల టైమర్ వాడు. ఇవి నీకు సగం తెలిసే ఉంటాయి.

తెలియనిది ఇది. ఆ మండిపోతున్న పాలపుంత ఒక్క ఫోటో కాదు. చాలాసార్లు పదహారో, యాభయ్యో ఫ్రేములు వరుసగా తీసి, కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. పదహారు పేరిస్తే ఫోటోలోని గింజ, అంటే చీకట్లో తీసినప్పుడు కనిపించే గరుకు, నాలుగో వంతుకు తగ్గుతుంది. కొందరు భూమి తిరిగే వేగంతోనే కెమెరాను తిప్పే ట్రాకర్ వాడతారు. కింద కనిపించే కొండను సాయంత్రమే విడిగా తీసి కలుపుతారు. రంగులు లాగుతారు. ఇందులో మోసమేమీ లేదు, అదొక పనితనం. సీక్వేటర్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, నీ పాత కెమెరాతోనే పదహారు తీసి అందులో వేసి చూడు. బూడిద చాలావరకు వదులుతుంది.

అయితే ఆ బూడిద గురించి ఒక మాట. చీకట్లో మన కంటికి రంగు తెలియదు. రంగు చూపించే కణాలు అంత తక్కువ వెలుగులో పనిచేయవు. ఫోన్ ముట్టుకోకుండా అరగంట చీకట్లో కూర్చున్నాక కూడా పాలపుంత మనకు పాలు ఒలికినట్టే కనిపిస్తుంది తప్ప మంటలా కాదు. అంటే నువ్వు కొండ మీద చూసినదానికి దగ్గరగా ఉన్నది నీ ఫోటోనే. నాకు దాన్ని ఒకసారి చూడాలని ఉంది, నిజంగా.

ఆ గొప్ప ఫోటోల్లో చాలా మటుకు లద్దాఖ్‌లోని హాన్లే లాంటి చోట్ల తీసినవి. అక్కడి అబ్జర్వేటరీ 4,500 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పలచన, తేమ లేదు, దీపాలు లేవు. దాంతో మీ కొండ పోటీ పడదు. కానీ ఒక విషయంలో మీ కొండే నయం. మీ ఊరు దాదాపు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. పాలపుంత కేంద్రం ఉండే ధనుస్సు వైపు భాగం మీకు దక్షిణాన 46 డిగ్రీల ఎత్తు దాకా వస్తుంది. హాన్లేలో 28 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ప్యారిస్‌లో అయితే 12, చెట్ల మీదికి కూడా రాదు పాపం. జూన్ మధ్యలో అర్ధరాత్రి నిలబడితే నీకు అది సగం ఆకాశం మీద ఉంటుంది. వానమబ్బులు పట్టేలోపు, ఏప్రిల్, మే నెలల్లో అర్ధరాత్రి దాటాక చూసుకో. ఇంత అదృష్టం పెట్టుకుని లద్దాఖ్ వాళ్లను చూసి ఏడుస్తున్నావు.

లైకుల మాట వచ్చింది కాబట్టి ఒక పాత సంగతి చెబుతాను. ఆకాశం మొత్తాన్నీ ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేయాలని 1887లో ప్యారిస్‌లో ఒక పెద్ద పని మొదలుపెట్టారు. దేశదేశాల అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పంచుకున్నాయి. చిలీలోని శాంటియాగో చేయాల్సిన వాటా ముందుకు సాగకపోతే అది మన హైదరాబాద్‌కు, నిజామియా అబ్జర్వేటరీకి వచ్చింది. బేగంపేటలో గాజు పలకల మీద రాత్రులు ఫోటోలు తీయడం, పగలు కూర్చుని పలక మీది ఒక్కో చుక్కా ఎక్కడుందో కొలిచి అంకెలు రాయడం. అలా ఏళ్ల తరబడి లక్షల నక్షత్రాలు కొలిచారు. కొలిచినవాళ్ల పేర్లు నువ్వూ నేనూ ఎప్పుడూ వినలేదు. ఆ పలకల్లో ఒక్కదానికీ నలభై లైకులు రాలేదు. తర్వాత నగరం వెలుగు పెరిగి పని కష్టమైతే, 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్లు ఊరికి దూరంగా జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టుకున్నారు. ఇప్పుడు దీపాలు అటు కూడా వెళ్లాయి. కాబట్టి 'ఊరి లైట్లు అడ్డం' అన్న గొడవ నీతో మొదలవలేదు. అందులోనూ నీది విచిత్రమైన గొడవ, ఆ లైట్లకు కరెంటు పంపేదీ నువ్వే.

అక్కడికే వస్తున్నాను. 'నా ఉద్యోగమెంత' అన్నావు కదా.

మా ఇంటి పక్క వాటాలో చాలాకాలం ఒక లైన్‌మన్ ఉండేవాడు. ఎల్‌సీ అన్న మాట ఆయన నోటే మొదట విన్నాను. నీకు చెప్పేదేముంది, ఇది చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. ఎక్కడో తీగ తెగితే లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ క్లియర్ అడుగుతాడు. ఆపరేటర్ ఆ ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి అటు కరెంటు తీసుకెళ్లే లైన్, బ్రేకర్ ఆఫ్ చేసి, రిజిస్టర్‌లో టైమ్‌తో సహా రాసి ఎల్‌సీ ఇస్తాడు. అప్పుడు ఆయన స్తంభం ఎక్కుతాడు. దిగి, ఎల్‌సీ తిరిగి ఇచ్చాననే దాకా ఇక్కడ ఎవరూ లైన్ ఛార్జ్ చేయకూడదు. రైతులు ఫోన్ల మీద ఫోన్లు చేసి తిట్టినా, పైనుంచి ఎవరు తొందరపెట్టినా సరే. 'నేను తీగ మీద చెయ్యి వేసేది ఆపరేటర్ మాట మీద, దేవుడి మీద కాదు' అనేవాడు ఆయన. ఆయన భార్య మాత్రం దేవుడికి దీపం పెట్టాకే అన్నం తినేది, అది వేరే కథ.

వాన రాత్రి స్తంభం మీదున్న మనిషిని అడుగు, నీ ఉద్యోగం ఎంతో చెబుతాడు. పాలపుంతను అడిగితే చెప్పదు, దానికి ఆ ప్రశ్నే అర్థం కాదు. నువ్వు చేస్తున్న పొరపాటు అదేనని నాకు అనిపిస్తోంది. కాంతి సంవత్సరాలు కొలిచే కర్రతో ఫీడర్ రిజిస్టర్‌నూ, పాప మార్కులనూ కొలుస్తున్నావు. ఆ కర్రకు మనుషులే కాదు, హిమాలయాలు కూడా ఆనవు.

ఫోటోగ్రాఫర్‌వి కాబట్టి నీకు ఇది వేరేలా చెబితే ఇంకా సులువుగా ఎక్కుతుంది. 1968 డిసెంబర్ 24న అపోలో 8లో చంద్రుడి చుట్టూ తిరుగుతూ బిల్ ఆండర్స్ మన భూమి ఫోటో తీశాడు. నీలంగా, చంద్రుడి అంచు మీద లేస్తున్నట్టు ఉంటుంది. 1990 ఫిబ్రవరి 14న వాయేజర్ 1 అదే భూమిని సుమారు 600 కోట్ల కిలోమీటర్ల నుంచి తీసింది. అందులో భూమి ఒక పిక్సెల్‌లో ఎనిమిదో వంతు కూడా లేదు. అదే భూమి, అవే సముద్రాలు. మారింది కెమెరా నిలబడ్డ చోటు. అద్దంలో కొండ చిన్నగా కనిపిస్తే కొండ తరిగిపోలేదని చిన్నప్పుడు బడిలో మనందరం వల్లె వేసిందే. నీ డీఎస్‌ఎల్‌ఆర్‌లో కూడా ఒక అద్దం ఉంది, అందులో మీ కొండ రోజూ అంగుళం కంటే చిన్నగానే కనిపిస్తోంది.

ఇంకో సరదా సంగతి. వాయేజర్ ఫోటోలో భూమి ఒక వెలుగు చారలో ఇరుక్కున్నట్టు ఉంటుంది, చాలామంది దాన్ని చూసి ఏదో దివ్యకిరణం అనుకుంటారు. అది లెన్స్ లోపల చెదిరిన ఎండ. మన భాషలో ఫ్లేర్. మనమైతే 'ఛ, పాడైపోయింది' అని డిలీట్ నొక్కేవాళ్లం.

నేనేదో పుట్టుకతో ఆకాశం చదివినవాణ్ని అనుకోకు. ముప్పై ఏళ్లు పెళ్లి ఫోటోలు తీశాను. పెళ్లి పదకొండింటికి అయినా, మధ్యాహ్నం రెండింటికి అయినా, పందిరి బయటికి తీసుకొచ్చి అరుంధతి చూపిస్తారు కదా. 'అమ్మా, కాస్త పైకి చూడు, బాబూ వేలు అటు పెట్టు' అని ఎన్ని వందల జంటల చేత ఖాళీ ఆకాశం చూపించానో! ఎండకు కళ్లు చిట్లించిన అరుంధతి ఫోటోలు నా దగ్గర ఒక ట్రంకు పెట్టెడు ఉన్నాయి. అసలు అరుంధతిని నేను చూసింది యాభై దాటాక. ఒక పెళ్లి నుంచి తిరిగొస్తుంటే నల్లమలలో కారు ఆగిపోయింది. డ్రైవర్ బానెట్ ఎత్తి తిప్పలు పడుతుంటే, రోడ్డు పక్క నిలబడి పైకి చూశాను. సప్తర్షుల తోకలో వశిష్ఠుడు, ఆనుకుని చిన్నగా ఆవిడ. మెడ నొప్పి పుట్టేదాకా చూస్తూ ఉండిపోయాను. కెమెరా భుజానికే ఉంది, బయటికి తీయాలని తోచలేదు. ఆ రాత్రి నాకూ నువ్వు చెప్పిన చిన్నతనమే కలిగింది. తెల్లారి ఇంటికొచ్చి ఆల్బమ్ పని మొదలుపెడితే పెళ్లికూతురి తాతయ్య బోసినవ్వు ఫోటో ఒకటి కొంచెం కదిలి ఉంది. తీసి పారేయబోయి ఉంచేశాను. ఎందుకో చెప్పమంటే చెప్పలేను.

ఇప్పుడు నీకు ఒక పని. ఇన్నాళ్లూ కింద భాగం కత్తిరించి పారేస్తున్నావే, ఈసారి దాన్ని కత్తిరించకు. దక్షిణానికి తిరిగి, కెమెరా నిలువుగా పెట్టి, కింది మూడో వంతులో ఊరు, పైన పాలపుంత వచ్చేలా పెట్టుకో. పదిహేను సెకన్లకు ఊరి దీపాలు తెల్లగా పేలిపోతాయి, నాకు తెలుసు. అందుకని ట్రైపాడ్ కదపకుండా దీపాల కోసం విడిగా ఒకటి తియ్యి, ఐఎస్ఓ 400లో రెండు మూడు సెకన్లు. తర్వాత రెండూ కలుపుకో. ఆ దీపాల్లో ఏ వీధి నీ ఏ ఫీడర్ మీద ఉందో ఫోటో మీద చూపించగలిగేవాడివి నువ్వొక్కడివే. లద్దాఖ్ ఫోటో తీసిన ఆయన చేయలేని పని అది. కొండ మీద ఎర్రగా మిణికే గాలిమరల లైట్లు వచ్చినా రానీ, అవీ మీ ఊరివే కదా.

ఆ ఫోటోను మూడు నెలలపాటు నెట్‌లో పెట్టకు. ప్రింట్ వేయించు, పన్నెండుకి ఎనిమిది సైజులో, మ్యాట్ పేపర్ మీద. ఇంట్లో గోడకు పెట్టు. ఊళ్లో ఎవరైనా వస్తే 'మా ఇల్లెక్కడ' అని వెతుక్కుంటారు చూడు. బావమరిది కూడా వెతుకుతాడు. మూడు నెలలయ్యాక కూడా నీకు కెమెరా అమ్మాలనే ఉంటే నాకు రాయి. కొనేవాడిని నేనే చూసి పెడతాను, మాటిస్తున్నాను.

పాపను ఒకసారి వెంట తీసుకెళ్లు. వయసు రాయలేదు, ప్రోగ్రెస్ కార్డు అన్నావు కాబట్టి కొండ ఎక్కగలదనుకుంటున్నాను. సెట్టింగులు చెప్పి విసిగించకు. పిల్లలకోడి ఎక్కడుందో, గొల్లకావడి ఎక్కడుందో మీ అమ్మగారినో నాన్నగారినో అడిగి తెలుసుకుని వెళ్లు, అవి చలికాలంలో కనిపిస్తాయి. వాటిలో ఎన్ని చుక్కలో దాన్ని లెక్కపెట్టనీ. ప్రోగ్రెస్ కార్డు మీద ఇంకా సంతకం పెట్టకపోతే ముందు అది పెట్టు.

టార్చికి ఎర్ర జిలుగు కాగితం చుట్టుకో, కళ్లు చీకటికి అలవాటు పడి ఉంటాయి. చెప్పులతో ఎక్కనివ్వకు, బూట్లు వేయించు. మీ వైపు రాళ్ల కింద తేళ్లు ఎక్కువ. పైనున్న తేలు ఒకటి చాలు.